తెరకును యంత్రమునకును సయోధ్య

పాడేరు నుండి చింతపల్లికి పోవు కొండదారిలో జి.మాడుగుల యున్నది. హల్వాకు పేరుపడిన మాడుగుల మైదానములోనిది. ఇది గంగరాజు మాడుగుల, అల్లూరి సీతారామరాజు జిల్లాలో మండల కేంద్రము. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయములు వెలసిన పిమ్మట కొండపల్లెల వారికిని కంప్యూటరుతో పని తప్పనిదైనది. కుల ధ్రువపత్రము కావలసినను, పింఛను సంగతి తెలిసికొనవలసినను ఒక తెర యెదుట నిలువవలసినదే. అట్టి తెర యొకనాడు హఠాత్తుగా నల్లబడి, 'అవుట్ ఆఫ్ రేంజ్' అను మాటలు మాత్రము చూపి ఊరకుండెననుకొందము. చెడిపోయినదని తలచి, దానిని గోనెలో చుట్టి, బస్సెక్కించి, వంద కిలోమీటర్లకు పైబడిన విశాఖపట్టణమునకు పంపుటయే సాధారణముగా తోచు ఉపాయము. కొండ దిగి వచ్చిన ముసలమ్మ ఆ దినము వట్టిచేతులతో మరలును. అయితే ఆ మాటలు చూపగలిగిన తెర చాలవరకు చెడిన తెర కాదు.

రేడియో గల యింటివారికి ఇది సులభముగా బోధపడును. మీడియం వేవ్ మాత్రమే గల సెట్టు షార్ట్ వేవ్ కేంద్రమును పట్టలేదు. కేంద్రము పలుకుచునే యుండును, సెట్టును బాగుగనే యుండును. ఆ తరంగములను అందుకొను ఏర్పాటు సెట్టులో లేదు, అంతియే. కంప్యూటరు ఒక కొలతలో బొమ్మను పంపుచుండగా ఆ కొలత తన శక్తికి మించినదని తెర చెప్పుచున్నది.

ఈ తగవు టెలివిజన్ తొలినాళ్లలో ఇంటింటికిని రాలేదు. 1897లో జర్మనీ దేశమున ఫెర్డినాండ్ బ్రౌన్ నిర్మించిన గాజు గొట్టమే పాత తెరలన్నింటికిని మూలపురుషుడు. అందులో ఎలక్ట్రాన్ల ధార తెరపై గీత వెంట గీతగా, పైనుండి క్రిందికి బొమ్మను వ్రాయును. ఎన్ని గీతలు వ్రాయవలెనో ఏ దేశమునకాదేశము నిర్ణయించుకొనెను. బ్రిటన్ 1936లో 405 గీతలతోను, అమెరికా 1941లో 525 గీతలతోను ఆరంభించినవి. మనదేశము 625 గీతలను, సెకనుకు 25 బొమ్మలను స్వీకరించినది. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2400 గ్రామములకు టెలివిజన్ అందించిన 'సైట్' ప్రయోగమున ఆంధ్రప్రదేశ్ కూడ కలదు. అందుకు కావలసిన సెట్లను 1967లో హైదరాబాదున వెలసిన ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసినది. పంపువారికిని అందుకొనువారికిని కొలత ఒక్కటే. బొమ్మ పైకి క్రిందికి జారిన, ఒక బుడిపెను కొంచెము త్రిప్పిన సరిపోయెడిది. ఆ బుడిపెపై ఇంటిలో పిల్లలకు గల అధికారము పెద్దలకు లేకుండెను!

కంప్యూటరు వచ్చి ఈ ఏకత్వమును భంగపరచినది. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరుకే రెండు విధములైన తెరలుండెను: అక్షరములకు 720 బిందువుల అడ్డుకొలత, 350 గీతలు, రంగులకు 640 బిందువులు, 200 గీతలు. ఒకదాని వేగము మరియొకదానికి సరిపడదు. పొరపాటు వేగము తగిలిన ఆనాటి కొన్ని తెరలకు హాని కూడ కలుగవచ్చును. 1987లో అదే సంస్థ 'వి.జి.ఎ.' అను కొలతను తెచ్చినది: 640 బిందువులు, 480 గీతలు. ఇచ్చట ఒక చమత్కారము కలదు. కంటికి కనబడునవి 480 గీతలే యైనను, ధార మరల పైకి పోవుటకు పట్టు వ్యవధిని కలుపుకొని లెక్క 525. అనగా అమెరికా టెలివిజన్ వారి పాత లెక్కయే! సెకనుకు 60 మారులు 525 గీతలు వ్రాయుటకు 31,500 గీతల వేగము కావలెను. పెద్ద కొలతలు వచ్చినకొలది ఈ వేగము పెరిగినది: 1280 బిందువులకు 1024 గీతల బొమ్మకు సెకనుకు సుమారు 64,000 గీతలు. తెర మోయలేక చేతులెత్తివేయుట ఇచ్చటనే.

పిదప తలకొక కొలత బయలుదేరగా, వానిని క్రమబద్ధము చేయుటకై 1989లో 'వెసా' అను సంఘము ఏర్పడినది. అయినను లినక్సు వాడువారు 1990లలో తమ తెర లెక్కలను స్వహస్తములతో వ్రాసికొనవలసి వచ్చెడిది. తప్పు వ్రాసిన తెర పాడుకావచ్చునని ఆ గ్రంథములలోనే హెచ్చరిక యుండెను. 1994లో వెసా వారు ప్రకటించిన పద్ధతితో తెరకు నోరు వచ్చినది. తెరలోని చిన్న జ్ఞాపకపు చిప్పులో 128 బైట్ల జాతకము వంటిది యుండును: తనను చేసినవారెవరు, ఏ సంవత్సరమున, తాను మోయగల కొలతలేవి. కంప్యూటరు అడిగిన వెంటనే తెర దీనిని అప్పగించును. పాత పదునైదు పిన్నుల వి.జి.ఎ. తీగలో ఈ మాట 12వ, 15వ పిన్నుల గుండా పోవును. వానిలో ఒకటి వంగినను, నడుమ నాసిరకపు జోడింపు తగిలించినను జాతకము చేరదు. కంప్యూటరు ఊహతో ఏదో ఒక కొలత పంపును. బొమ్మ వచ్చు పిన్నులు వేరు గనుక తీగ బాగున్నట్లే తోచును.

విండోసులో కొలత మార్చినప్పుడు పదునైదు సెకనులు వేచియుండు ఏర్పాటు అన్నింటికంటె తెలివైనదని మా అభిప్రాయము. మనిషి బదులు పలుకని యెడల, అతనికి తెర కనబడుటలేదని గ్రహించి యంత్రమే పాత కొలతకు మరలును. కనుక క్రొత్త కొలతతో తెర నల్లబడిన తక్షణమే తత్తరపడి మీటలు నొక్కరాదు.

పెద్ద తెరకు అమర్చిన కొలత అట్లే యుండగా పాత చిన్న తెరను తగిలించినప్పుడు మాత్రము ఈ గడువు అక్కరకు రాదు. అప్పుడు యంత్రమును ఆపి మరల వెలిగించి చూడవలెను. ఆరంభమున తయారుదారు ముద్ర కనబడి, విండోసు వచ్చిన పిమ్మట చీకటియైన, తెర క్షేమమే. పొరుగు బల్లపై నున్న పెద్ద తెరనో, ఇంటి టీవీనో తాత్కాలికముగా తగిలించి, 1024 బిందువులు, 768 గీతలు, 60 హెర్ట్జ్ అను కొలతను ఎన్నుకొని, తరువాత పాత తెరను తగిలింపవచ్చును. వేరొక తెర దొరకనిచో, విండోస్ 7 వరకు గల యంత్రములలో ఆరంభించునప్పుడే ఎఫ్8 మీట నొక్కిన తక్కువ రిజల్యూషన్‌తో తెరచు మార్గము కనబడును. విండోస్ 10, 11లలో 'స్టార్టప్ సెట్టింగ్స్' అను పట్టికలో మూడవది అదియే. ఆరంభము రెండు మూడు సార్లు నడుమ ఆగినచో మరమ్మతు పుట దానంతట వచ్చును, అందుండి ఆ పట్టికకు పోవచ్చును. కాని పనిగట్టుకొని విద్యుత్తు ఆపుట కడపటి ఉపాయముగనే యుండవలెను.

బొమ్మ మరల వచ్చిన పిదప కొలతల పట్టిక తెరచిన, ఒకదాని ప్రక్కన 'రికమెండెడ్' అని వ్రాసియుండును. జాతకము సరిగా చేరినచో అది సాధారణముగా తెర తానై చెప్పిన కొలతయే. చేరనిచో పట్టికలో తెరకు సరిపడని కొలతలును నిలిచియుండును. అప్పుడు తీగను ఊడదీసి, వెలుతురులో పట్టి, ఆ రెండు పిన్నులను చూడవలెను.