అట్ట టికెట్టు కాలం నుండి: మా బుకింగ్ ఆఫీసు నలభై ఏళ్లు



ఏప్రిల్ 14 తమిళనాట సంవత్సరాది. మా రైలు గుమాస్తాలకు ఆ రోజు ఇంకో విశేషం కూడా ఉంది. 1951లో అదే రోజున మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, సౌత్ ఇండియన్ రైల్వే, మైసూరు సంస్థానం రైల్వే మూడూ కలిసి దక్షిణ రైల్వే అయింది. మేము ఉద్యోగంలో చేరింది కూడా ఏప్రిల్‌లోనే, 1984లో. ఆ బ్యాచ్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం నలుగురం. నలుగురమూ తమిళ మీడియంలో చదివినవాళ్లమే. రిటైరైనాక ఏటా ఏప్రిల్‌లో ఒకరింట్లో కూడుతున్నాము. ఈసారి భోజనాలయ్యాక, ఇన్నేళ్ల సర్వీసులో మనం ఏం నేర్చాము అని మాట వచ్చింది. ప్రమోషన్ల లెక్క అయిదు నిమిషాల్లో అయిపోయింది. మిగతాది సాయంత్రం దాకా సాగింది. అదే ఇక్కడ రాస్తున్నాము. తెలుగు రాత మాకు ఆలస్యంగా వచ్చింది, తప్పులుంటే దిద్దండి.

చేరినప్పుడు మా జీతం స్కేలు 260–430. పని అట్ట టికెట్లు అమ్మడం. ఈ కాలం పిల్లలు అట్ట టికెట్టు చూసి ఉండరు. వేలెడు పొడుగు, రెండు వేళ్ల వెడల్పు ఉండే గట్టి అట్ట ముక్క అది. ఇంగ్లాండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే చిన్న స్టేషన్ ఉద్యోగి 1830లలో దాన్ని కనిపెట్టాడు. అంతకు ముందు ప్రతి ప్రయాణికుడికీ గుమాస్తా చేత్తో కాగితం రాసి ఇచ్చేవాడు, ఎన్ని అమ్మాడో లెక్క దొరికేది కాదు. ఎడ్మండ్‌సన్ ప్రతి టికెట్టుకూ వరస నంబరు వేయించాడు. డ్యూటీ ఎక్కేటప్పుడు పైన ఉన్న నంబరు, దిగేటప్పుడు ఉన్న నంబరు, రెండిటికీ తేడా ఎంతో అన్ని టికెట్లు అమ్మినట్టు. డబ్బు దానికి సరిపోవాలి. తగ్గితే మా జేబులోంచి కట్టాలి. మొదటి ఆరు నెలలు మాలో కట్టనివాళ్లు లేరు. ఒకాయన పెళ్లికి దాచిన డబ్బులోంచి కట్టాడు, ఆ మాట ఈ నాటికీ చెప్పి నవ్వుతాడు. అప్పుడైతే నవ్వలేదు.

తేదీ కొట్టే ఇనుప యంత్రంలో టికెట్టు పెట్టి నెడితే టక్కుమని శబ్దం వచ్చేది. పండుగ రోజుల్లో ఇంటికి వచ్చి పడుకున్నా ఆ టక్కు చెవిలో వినిపించేది. అట్ట టికెట్టు అచ్చు వేయని ఊర్లకు ఖాళీ కాగితం టికెట్టు మీద పేరు చేత్తో రాయాలి.

మాలో ఇద్దరికి పోస్టింగ్ అరక్కోణం, రేణిగుంట మార్గంలో పడింది. ఆ మార్గం కథ మన సంఘం వాళ్లు తెలుసుకోవాలి. 1856లో మద్రాసు రైల్వే రాయపురం నుండి వాలాజా రోడ్డుకు మొదటి బండి నడిపింది. తరువాత అరక్కోణం నుండి వాయవ్యంగా పట్టాలు వేసుకుంటూ పోయి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుండి వచ్చే మార్గంతో కలిపింది. అరక్కోణం దాటితే తిరుత్తణి, పొన్పాడి, వెంకటనరసింహరాజువారిపేట, నగరి, పుత్తూరు. తిరుత్తణి అప్పట్లో చిత్తూరు జిల్లా. పటాస్కర్ తీర్పు తరువాత 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, సత్యవేడు వైపు ఊర్లు ఆంధ్రకు పోయాయి. పట్టాలు ఉన్నచోటే ఉన్నాయి, రాష్ట్రం మారింది. అటూ ఇటూ చుట్టాలు ఉండనే ఉన్నారు. మా నాయనలు ఆ మార్పు చూసినవాళ్లు. ఇక్కడ ఉద్యోగం కావాలంటే తమిళం రావాలని మమ్మల్ని తమిళ బడిలో వేశారు. తప్పు పట్టము, ఆ చదువే మాకు కూడు పెట్టింది.

1986లో అనుకుంటాము, ఒక ముసలావిడ కౌంటరు దగ్గరికి వచ్చింది. కూతురి పురుడుకు పోతోంది. చేతిలో అల్లుడు తెలుగులో రాసి పంపిన చీటీ. ఎక్కడ దిగాలో అందులో ఉందట, ఆవిడకు చదువు రాదు. తెలుగులోనే బదులిచ్చాము గాని చీటీ చదవలేకపోయాము. "మా ఇంటి మాట మాట్లాడుతున్నావు, రెండు ముక్కలు చదవలేవా నాయనా?" అంది. పోర్టరును పిలిపించాము. అతను నెల్లూరు వైపువాడు, మూడో తరగతితో బడి మానేసినవాడు. అతను వచ్చి "పుత్తూరు" అని చదివేలోగా బండి వెళ్లిపోయింది. తరువాతి బండి సాయంత్రం. అన్ని గంటలూ ఆవిడ మా కిటికీ ఎదురుగానే బెంచీ మీద కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ కాలంలోనే మాకు హిందీ పరీక్షలు పెట్టారు. ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అని మూడు. పాసైతే డబ్బు వస్తుంది గనుక కష్టపడి పాసయ్యాము. తెలుగు వచ్చా అని ఎవరూ అడగలేదు, అడగవలసిన అవసరం ఆఫీసుకు లేదు. మాకే ఉండింది.

అందుకని స్టేషన్ బోర్డులతో మొదలుపెట్టాము. ఆంధ్ర వైపు బోర్డుల మీద తెలుగు ఉంటుంది, ఇంగ్లీషు పక్కనే ఉంటుంది, అంతకన్నా మంచి వాచకం ఏముంది? వెంకటనరసింహరాజువారిపేట అప్పట్లో దేశంలోకెల్లా పొడుగు పేరున్న స్టేషన్ అనేవారు. కాగితం టికెట్టు మీద ఆ పేరు పట్టించడం మాకు పెద్ద తలనొప్పి. తెలుగులో అయితే పదమూడే అక్షరాలు. ఆ పదమూడూ వచ్చేసరికి గుణింతం సగం పట్టుబడింది. తమిళంలో క, గ రెండిటికీ ఒకే అక్షరం. నగరి బోర్డు చూశాక గదా గ వేరే అని మా కంటికి తెలిసింది. ఒత్తులు మాత్రం చాలా ఏడిపించాయి, ఇప్పటికీ ఏడిపిస్తాయి.

తరువాత కంప్యూటర్ వచ్చింది. నలభై దాటిన వయసులో కీబోర్డు ముందు కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే కుర్రవాళ్లు నవ్వారు. మేము పెద్దగా భయపడలేదు, అంతకు ముందే ఒకసారి అక్షరాలు కొత్తగా నేర్చుకున్నవాళ్లం గనుక. అట్ట టికెట్ల చెక్క బీరువా ఒక రోజు పాత సామాన్ల గదికి పోయింది. ఆ రోజు మాలో ఇద్దరం ఇంటికి పోయి అన్నం సరిగా తినలేదు. వేళ్లకు అలవాటైన బీరువా అది, చూడకుండానే ఏ ఊరు ఏ గూట్లో ఉందో చేతికి తెలిసేది.

మాలో ఒకాయన మనవరాలు ఈసారి కూటానికి వచ్చింది. తెలుగు బాగా మాట్లాడుతుంది, చదవడం రాదు. వచ్చే ఆదివారం ఉదయం ఆ పాపను తిరుత్తణి మీదుగా పుత్తూరు దాకా ప్యాసింజరులో తీసుకుపోతున్నాము. పిల్లలను పంపాలనుకునేవాళ్లు శుక్రవారం లోపు చెప్పండి, టికెట్లు మేమే తీస్తాము. ఎవరింట్లోనైనా పాత అట్ట టికెట్లుంటే పారేయకండి, సంఘం భవనంలో అద్దాల పెట్టెలో పెట్టిద్దాం.