సర్కారు సంస్థల డిపాజిట్లకు కాపలా ఎవరు? తెలుగు అకాడమీ కేసు ఏం చెబుతోంది?

ఇంటర్ చదివినా, గ్రూప్స్‌కు ప్రిపేర్ అయినా తెలుగు అకాడమీ పుస్తకం మీ చేతికి వచ్చే ఉంటుంది. 1968లో ఏర్పాటైన ఆ సంస్థకు చెందిన దాదాపు రూ.64 కోట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్లు గడువుకు ముందే ఖాళీ అయ్యాయని 2021 సెప్టెంబర్‌లో బయటపడింది. నకిలీ పత్రాలతో డిపాజిట్లను రద్దు చేయించి, ఆ సొమ్మును ఒక సహకార సొసైటీ ఖాతాకు మళ్లించి డ్రా చేశారన్నది హైదరాబాద్ పోలీసుల అభియోగం. అరెస్టయినవారిలో దళారులతో పాటు బ్యాంకు అధికారులు, అకాడమీ అకౌంట్స్ విభాగం ఉద్యోగి కూడా ఉన్నారు.

ఇంత డబ్బు పోతుంటే ఎవరికీ ఎందుకు తెలియలేదు?

శాఖల బడ్జెట్ డబ్బు ట్రెజరీ నుంచి కదులుతుంది. బిల్లు పెట్టాలి, పద్దు సరిపోవాలి, ట్రెజరీ అధికారి పాస్ చేయాలి. అకాడమీలు, బోర్డులు, కార్పొరేషన్లు, యూనివర్సిటీల సొంత ఆదాయం మాత్రం చాలావరకు నేరుగా బ్యాంకుల్లోనే ఉంటుంది. దానిపై ట్రెజరీ కన్ను పడదు. అక్కడ కాపలా అంతా ఆ ఆఫీసు లోపలి పద్ధతులదే. డిపాజిట్ వేసేవారు, లెక్క రాసేవారు, సరిచూసేవారు వేర్వేరుగా ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌ను క్యాష్‌బుక్‌తో నెలనెలా పోల్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, బ్యాలెన్స్ ధ్రువీకరణ పత్రం బ్యాంకు నుంచి నేరుగా రావాలి. మధ్యవర్తి తెచ్చిచ్చిన కాగితం లెక్కలోకి రాదు. బీరువాలో డిపాజిట్ రసీదు భద్రంగా ఉన్నంత మాత్రాన బ్యాంకులో డబ్బున్నట్టు కాదు.

కాగ్ ఉంది కదా అంటారా? ఉంది. కానీ ఆడిట్ సాధారణంగా ఖర్చయ్యాక జరుగుతుంది, అదీ ఎంపిక చేసిన లెక్కలపైనే. రాజ్యాంగంలోని 151వ అధికరణ ప్రకారం రాష్ట్ర నివేదిక గవర్నర్‌కు, అక్కడి నుంచి శాసనసభకు వెళ్తుంది. ఎన్ని రోజుల్లో సభలో పెట్టాలన్న గడువు మాత్రం అందులో లేదు. ఆ తర్వాతే ప్రజా పద్దుల కమిటీ వంతు. అప్పటికి సంబంధిత అధికారి బదిలీ అయి ఉండొచ్చు, రిటైరై కూడా ఉండొచ్చు.

నివేదికలు కాగ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొత్తం చదవక్కర్లేదు. రాష్ట్ర ఆర్థిక వ్యవహారాల నివేదికలో లెక్కలు సమర్పించని సంస్థల జాబితా వెతకండి. ఏళ్ల తరబడి లెక్కలే ఇవ్వని సంస్థలో తప్పు జరిగిందో లేదో ఆడిటర్ కూడా చెప్పలేరు. మా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సిన పేజీ అదే.

సమాచార హక్కు చట్టం కింద మీరే అడగొచ్చు కూడా. రెండు తెలుగు రాష్ట్రాల్లో జిల్లా, రాష్ట్ర స్థాయి కార్యాలయాలకు దరఖాస్తు రుసుము రూ.10. 'అవకతవకలు జరిగాయా?' అని అడిగితే జవాబు రాదు. 'మార్చి 31 నాటికి ఉన్న డిపాజిట్ల జాబితా, బ్యాంకు ఇచ్చిన ధ్రువీకరణ పత్రాల నకళ్లు, చివరిసారి ఆడిట్ అయిన సంవత్సరం' అని పత్రాలను అడగండి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే అదే కార్యాలయంలోని అప్పీలు అధికారికి ఫిర్యాదు చేయొచ్చు. దానికి మరో 30 రోజుల గడువుంటుంది.