వేటకు విరామం: అశోకుని శాసనం నుండి అరవైయొక్క రోజుల దాకా



ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటగానే మన కోస్తా తీరమంతటా మరపడవలు రేవులకు చేరి లంగరు వేస్తాయి. జూన్ 14 వరకు, అనగా 61 రోజులు, ఇంజను బిగించిన పడవ ఏదీ సముద్రం మీదికి పోరాదు. పత్రికలు దీనిని ‘చేపల వేట నిషేధం’ అని వ్రాస్తాయి. నేను చాలాకాలం ఒక తీరగ్రామంలో తెలుగు బోధించాను. అక్కడివారు చేపలు పట్టడానికి వెళ్ళామని ఎన్నడూ అనరు. ‘వేటకు పోయాము’ అనే అంటారు. అడవిలో వేటకు ఎంత తెగువ కావాలో కడలి మీద వేటకూ అంతే కావాలని ఆ ఒక్క మాట చెబుతుంది. ఆ వేటను ఆపే అధికారం రాజ్యానికి ఎప్పటినుండి వచ్చింది? ఎవరు కోరగా వచ్చింది? ఈ టపాలో నాకు తెలిసినంత మనవి చేస్తాను.

ఈ దేశంలో మత్స్యాలకు అభయమిచ్చిన ప్రాచీన శాసనాలలో ప్రసిద్ధమైనది అశోకునిది. మన ఎర్రగుడి బండల మీద ఉన్న శాసనాలలో ఇది లేదు. స్తంభశాసనాలలో ఐదవది ఇది. పట్టాభిషేకమైన 26 ఏండ్లకు వేయించినట్లు అందులోనే ఉన్నది. చంపరాని ప్రాణుల జాబితాలో కొన్ని చేపలు, తాబేలు కూడా ఉన్నవి. అంతేకాదు, మూడు చాతుర్మాస్య పౌర్ణములు, పుష్యమీ నక్షత్రపు పౌర్ణమి, ఒక్కొక్కదానికి మూడేసి రోజుల వంతున, ఇవిగాక ప్రతి ఉపవాస దినము నాడు చేపలను చంపరాదు, అమ్మరాదు. ఒక లెక్క ప్రకారం ఇవి ఏడాదికి 56 రోజులు. నేటి 61 రోజులకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి! అయితే పోలిక సంఖ్యలోనే. అశోకుని పంచాంగం పుణ్యదినాలది, నేటి పంచాంగం చేపలు గ్రుడ్లు పెట్టే కాలానిది. ఆయన ఆజ్ఞ ఏడాది పొడుగునా విడివిడిగా పరచుకొన్నది. నేటిది రెండు నెలలు ఏకధాటిగా సాగుతుంది. కూలినాలి చేసుకొనే ఇంటికి ఈ రెండింటి నడుమ ఎంత తేడా ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో నావధ్యక్షుని ప్రకరణం ఉన్నది. జాలరులు తాము పట్టినదానిలో ఆరవ భాగం రాజుకు చెల్లించాలని అది విధిస్తుంది. అంటే రాజ్యానికి చేప మీద రెండు విధాలైన ఆసక్తి మొదటినుండీ ఉన్నదన్నమాట. ఒకటి కాపాడటం, రెండవది పన్ను గుంజటం.

ఆంగ్లేయుల కాలంలో 1897లో భారత మత్స్యపరిశ్రమ చట్టం వచ్చింది. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలను చంపరాదన్నది దాని సారం. తీరం నుండి మూడు నాటికల్ మైళ్ళ వరకు సముద్రం కూడా ఆ చట్టం పరిధిలోనిదే. దాని చూపు ముఖ్యంగా చంపే పద్ధతి మీద ఉండినది. సముద్రానికి ఋతువును బట్టి తాళం వేయాలన్న ఆలోచన అప్పటికి రాలేదు. తెరచాప, తెడ్డు ఉన్నంతకాలం ఆ అవసరమూ లేదు. తుఫాను, ఉప్పెన, ఎదురుగాలి, ఇవే అప్పటి వేట విరామాలు. వాటిని ప్రకటించినది గంగమ్మతల్లి.

యంత్రంతో కథ మారింది. 1953లో కేరళలోని కొల్లం దగ్గర నీండకర ప్రాంతంలో నార్వే దేశ సహాయంతో మరపడవల పథకం మొదలైంది. పేద జాలరి బ్రతుకు బాగుచేయాలన్నదే దాని సంకల్పం. కాని విదేశాలలో రొయ్యకు గిరాకీ పెరిగేసరికి సముద్రంతో సంబంధం లేని పెట్టుబడిదారులు ట్రాలర్లతో దిగారు. ట్రాలు వల సముద్రపు అడుగును దువ్వుకుంటూ పోతుంది. చిన్నా పెద్దా, గ్రుడ్డూ పిల్లా ఎరుగదు. ఒడ్డుకు దగ్గరగా వల వేసుకొనే సంప్రదాయ మత్స్యకారుల వలలు దాని క్రింద చిరిగిపోయాయి. కేరళ, గోవా రాష్ట్రాలు 1980లో సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టాలు చేశాయి. వర్షకాలంలో ట్రాలింగు ఆపాలని కేరళ జాలరులు ఏండ్ల తరబడి పోరాడారు. 1984లో వారి పక్షాన ఒక క్రైస్తవ సన్యాసిని నిరాహారదీక్షకు కూర్చున్నది. సంఘం వెనుక సంఘం విచారించిన మీదట 1988లో అక్కడ వర్షకాలపు ట్రాలింగు నిషేధం తొలిసారి అమలైంది.

చదువరులు ఒక్క విషయం గుర్తుంచుకోవలెనని నా మనవి. ఈ విరామాన్ని కోరినది దొరలు కారు, శాస్త్రజ్ఞులు కూడా మొదట కారు. చిన్న పడవ జాలరి కోరాడు. తన కోసం, పెద్ద పడవ మీద కోరాడు.

మన రాష్ట్రంలో 1994లో ఇటువంటి చట్టం వచ్చింది. ఒడ్డు నుండి ఎనిమిది కిలోమీటర్ల మేర సంప్రదాయ పడవలకు విడిచి, మరబోట్లు ఆ అవతలనే వేటాడాలని నియమించారు. తూర్పు తీరంలో వేట విరామం మొదట 45, 47 రోజులుగా ఉండి, మే నెలాఖరుకు ముగిసేది. 2015 నుండి 61 రోజులైంది. పడమటి తీరంలో అది జూన్ 1 నుండి జూలై 31 వరకు. ఇంజను లేని సంప్రదాయ తెప్పలకు ఈ నిషేధం లేదు.

మినహాయింపు న్యాయంగానే కనబడుతుంది. కాని నేడు ఇంజను లేని తెప్ప ఎన్ని రేవులలో కనబడుతుంది? కొయ్య తెప్ప పోయి ఫైబరు పడవ వచ్చింది, తెడ్డు పోయి చిన్న ఇంజను వచ్చింది. ఆ చిన్న ఇంజను పుణ్యమా అని, నలుగురు మనుషులెక్కే పడవ, వారం రోజులు సముద్రం మీదే ఉండే ట్రాలరు చట్టం దృష్టిలో ఒకే గాటికి చేరాయి. ఎవరి రక్షణకై నియమం పుట్టిందో వారే దాని బరువు మోస్తున్నారు.

ఉపాధ్యాయుడిగా నేను చూసినది చెబుతాను. విరామం మే నెలాఖరుకు ముగిసిన రోజులలో, జూన్ రెండవ వారంలో బడి తెరిచేనాటికి పదిరోజుల వేట డబ్బు ఇంట ఉండేది. 2015 తరువాత బడి, సముద్రం ఇంచుమించు ఒకే వారంలో తెరుచుకోసాగాయి. నోటుపుస్తకాలేవని అడిగితే పిల్లలు తల వంచుకొనేవారు. ఒక కుర్రవాడు మాత్రం, “మా నాన్న ఇంకా వేటకెళ్ళలేదండీ, వచ్చే వారం తెత్తానండి” అన్నాడు. ఆ పైన ఏ ఏడాదీ జూన్ నెలాఖరు దాకా పుస్తకాల మాట ఎత్తలేదు నేను. ఢిల్లీలో కలిపిన ఆ పద్నాలుగు రోజులు మా తరగతి గదిలో ఇట్లా లెక్కకు వచ్చాయి.

ప్రభుత్వం ఊరకున్నదని అనను. ఒకప్పుడు నాలుగువేలుగా ఉన్న వేట విరామ భృతి 2019లో పదివేలు, 2025లో ఇరవైవేలు అయింది. అది మెచ్చదగినదే. విరామమే వద్దని కూడా నేననను. ఉష్ణమండలపు చేపలలో చాలా జాతులు ఏడాది పొడుగునా ఎంతోకొంత గ్రుడ్లు పెడుతూనే ఉంటాయి గనుక ఈ రెండు నెలలే సర్వస్వం కాదు. అయినా సముద్రానికి కొంత ఊపిరి తీసుకొనే వ్యవధి కావాలి. వంజరం, చందువ మన మనుమలు కూడా చూడాలి గదా!

నా మనవి ఒక్కటే. విరామం కోరినవాడిని విరామపు రోజులు నిర్ణయించేటప్పుడు కూడా అడగాలి. అడిగి ఆపితే అది విరామం, అడగక ఆపితే అది నిషేధం. నిఘంటువులో ఈ రెండు మాటలకూ గల తేడా రేవులో ఇంకా బాగా తెలుస్తుంది.

తీరప్రాంతాల మిత్రులు తమ ఊళ్ళలోని అనుభవాలు వ్యాఖ్యలలో తెలిపితే సంతోషిస్తాను.

స్వస్తి.