కింద గోదారి, పైన కాలువ

మే నెల వచ్చిందంటే మా అనుబంధం సంపాదకుడికి కాటన్ దొర గుర్తొస్తాడు. 15వ తేదీ ఆయన పుట్టినరోజు. పుట్టింది 1803లో. "కోనసీమ వాసన తగిలేలా ఓ రెండు పేజీలు ఇవ్వండి గురువుగారూ, శుక్రవారానికల్లా అందాలి" అని ఫోను. గోదావరి జిల్లాల వాళ్ళకి కాటన్ గురించి రాయడమంటే అన్నవరంలో సత్యనారాయణ వ్రతకథ చెప్పడమే. కథ అందరికీ వచ్చు, ప్రసాదం పెట్టేదాకా మాత్రం కూర్చుంటారు. అంచేత ఈసారి దొరగారిని ధవళేశ్వరంలో గుర్రం మీదే ఉంచేసి, నేను గన్నవరం బస్సెక్కేస్తున్నాను.

చిన్నప్పుడు వేసవి సెలవులకి అమలాపురం నుంచి తాటిపాక అవతల ఉన్న మామ్మ ఊరికి వెళ్ళేవాళ్ళం. అంబాజీపేట దాటేదాకా కొబ్బరితోటల నీడలో బస్సు నిద్రపోతున్నట్టు వెళ్ళేది. గన్నవరం రాగానే అందరికీ మెలకువ. వైనతేయ పాయ మీద పాత అక్విడక్టు, దాని మీద ఇరుకు దారి. అవతల నుంచి లారీ వస్తోందంటే మన బస్సు ఇవతలే ఆగాలి. ఆగినప్పుడల్లా జామకాయల బుట్టలు కిటికీల దగ్గరికొచ్చేవి. దారి దొరికి బస్సు వంతెనెక్కిందంటే నాకు ఒకటే గాభరా. ఏ పక్క కూర్చోవాలి? ఒక పక్క కిందికి చూస్తే గోదారి. ఇంకో పక్క, బస్సు చక్రానికి కాస్త దిగువలో, గట్టు కట్టిన కాలువ. గోదారి నెత్తిమీదుగా ఇంకో నీళ్ళ దారి పోతోందన్నమాట. నది కింద, కాలువ పైన, ఆ పైన మా బస్సు. ఈ మూడంతస్తుల సంగతి బళ్ళో ఎవరికి చెప్పినా నమ్మేవారు కాదు. మా లెక్కల మాస్టారు మాత్రం నమ్మి, ఊరుకోకుండా నలభై తొమ్మిదిని నలభైతో గుణించమన్నారు. ఆ లెక్క సంగతి తర్వాత చెబుతాను.

చారిత్రక వ్యాసం కాబట్టి ముందు శతాబ్దాలు కొన్ని దాటాలి. గౌతమికీ వసిష్ఠకీ మధ్య చిక్కిన ఈ మూల ముక్క గురించి పాతకాలం రాతలు పొదుపుగానే మాట్లాడాయి. కొత్తపేట పక్కన పలివెల కొప్పేశ్వరుడి గుళ్ళో శాసనాలున్నాయి. శాసనాల కంటే అక్కడి శివలింగానికి జుట్టు మొలిచిందన్న కథే జనానికి ఎక్కువ తెలుసు. రాజులు మారారు, అగ్రహారాలు ఇచ్చారు, గోదారి అప్పుడప్పుడూ దారి మార్చుకుని కొన్ని లంకల్ని ఇచ్చి కొన్నిటిని పట్టుకుపోయింది. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు అల్లవరం దగ్గర బెండమూర్లంకలో సరుకుల కొట్టు పెట్టుకున్నారు. మేలిరకం నూలు గుడ్డ కోసం వచ్చారు. 1757లో ఫ్రెంచి బుస్సీ వచ్చి దాన్ని పట్టుకున్నాడు. ఇవాళ బెండమూర్లంకలో కంపెనీ గురించి అడిగితే, "ఏ కంపెనీ అండీ, రొయ్యలదా?" అంటారు. 1823లో కొపనాతి కృష్ణమ్మ అంతర్వేది నరసింహస్వామి గుడి కట్టించాడు. కృష్ణమ్మ అంటే ఆడమనిషి కాదు. ఓడల వ్యాపారం చేసిన మగాడే.

ఆ తర్వాత కరువు. 1832-33 నందన నామ సంవత్సరం పేరెత్తితే మొన్న మొన్నటిదాకా ముసలివాళ్ళు లెంపలేసుకునేవారు. 1839లో కోరంగిని తుపాను తుడిచేసింది. 1821లో రాజమండ్రి జిల్లా జనం 7 లక్షల 38 వేలు. 1841కల్లా 5 లక్షల 61 వేలకి దిగింది. గోదారి గట్టున ఉంటూనే ఆకలితో పోయారు. వరదొస్తే పంట మునక, వరద రాకపోతే పంట ఎండు. కాటన్‌ని ధవళేశ్వరం తీసుకొచ్చింది ఈ లెక్కే. 1847లో ఆనకట్ట పని మొదలు, 1852లో పూర్తి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగు చేతుల ఆ ఆనకట్ట గురించి మిగతా పత్రికలు ఈ ఆదివారం రాస్తాయి లెండి.

నా బస్సు గన్నవరంలో ఆగింది. అక్కడికి వద్దాం.

ఆనకట్ట కట్టగానే మధ్య డెల్టాకి, అంటే మన సీమకి, నీళ్ళొచ్చాయి. అయితే కోనసీమ కూడా ఒక్క ముక్క కాదు. మధ్యలో వైనతేయ చీల్చుకుని సముద్రం దాకా పోతుంది. దానికి పడమట నాగరం లంక. ఇవాళ రాజోలు వైపు అంటున్న ఆ ప్రాంతాన్ని పూర్వం నాగరం తాలూకా అనేవారు. చుట్టూ నీళ్ళే, పొలానికి మాత్రం చుక్క లేదు. ఈ గట్టు దాకా వచ్చిన కాలువని ఆ గట్టుకి ఎలా దాటించడం? మనుషులైతే పడవెక్కుతారు. కాలువని ఏ పడవ ఎక్కిస్తుంది?

ఆ పని హేగ్ అనే కుర్ర లెఫ్టినెంటు చేతికొచ్చింది. ఎఫ్.టి. హేగ్. కాటన్ కింద పనిచేసిన ఇంజనీరు. నది మీద వంతెన కట్టి, ఆ వంతెన మీద కాలువని నడిపించడమే అతని పని. 1850ల తొలి ఏళ్ళ మాట. రైలు ఇంకా మన దేశంలో అడుగుపెడుతున్న కాలం. ఇసుక తప్ప రాయి తగలని నదిలో పునాదులు దించాలి. సున్నం గానుగలో తిప్పాలి, ఇటుక కాల్చాలి. గోదారి ఏటా జూన్ వెళ్ళేసరికి ఎర్రబడుతుంది కనుక, నీరు లాగి ఉన్న ఆ కొద్ది నెలల్లోనే తోరణాలు లేవాలి. లేచాయి. మొత్తం 49 తోరణాలు, ఒక్కోటి 40 అడుగుల వెడల్పు. మా లెక్కల మాస్టారి గుణకారం ఇదే. స్తంభాల మందం కలపకుండానే 1,960 అడుగులు. ఇటుక మోసినవాళ్ళూ, సున్నం తిప్పినవాళ్ళూ, నడుం లోతు నీళ్ళలో దిగి ఇసుక తోడినవాళ్ళూ ఏ శిలాఫలకంలోనూ లేరు. ఆ మాటకొస్తే హేగ్ కూడా లేడు. కాటన్‌కి ఊరూరా విగ్రహాలున్నాయి. కొన్నిచోట్ల సంకల్పంలో ఆయన పేరు కూడా చెప్పుకుంటారు. హేగ్ పేరు ఆ దారిన రోజూ తిరిగే కండక్టరుకి కూడా తెలియదు. తర్వాత ఎగువన దుమ్ముగూడెం పనుల్లో కనబడతాడు, మిషనరీ పనుల్లో పడతాడు. మనం అతణ్ణి మరిచిపోయాం. దొరల్లో కూడా ఒకరికి దండ పడితే ఇంకొకరికి దుమ్ము పడుతుంది.

కాలువ వచ్చాక లంకలో బతుకు మారింది. వరి వచ్చింది, వరితో పాటు పడవ వచ్చింది. బస్సులు రాకముందు కాలువే రోడ్డు. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్ళివారు, నాటకాలవాళ్ళు అందరూ పడవల్లోనే. గాలి లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు. లాకుల దగ్గర పడవ ఆగేది. లస్కరు తలుపులు వేసి, నీటిమట్టం సమానమయ్యాక అవతలి తలుపులు తీసేవాడు. ఈ లోగా వంటలు, పేకాట, అప్పుడప్పుడూ సంబంధాలు కుదుర్చుకోవడం. మా మామ్మ కాపురానికి వచ్చింది పడవలోనే. "గోదారి మీంచి వెళ్తున్నాం లే అని మా నాన్న లేపితే, గోదారి ఏదీ అని ఏడిచానురా. చుట్టూ చూస్తే కాలవే కనిపించింది" అనేది. పన్నెండేళ్ళ పిల్ల నిద్రమొహంతో గోదారిని దాటిపోయి, దాటినట్టు తెలియక ఏడ్చింది. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆ అడుగున బురదలో మట్టగిడసలు పట్టేవాళ్ళం. జూన్‌లో నీళ్ళు వదిలారని తెలిస్తే గట్టు మీద నిలబడి, ఎండుటాకుల్ని తోసుకుంటూ వచ్చే ఆ మొదటి నురుగు కోసం ఎదురుచూసేవాళ్ళం.

గన్నవరం అంటే ఇంకో పేరు చెప్పకపోతే కోనసీమలో మంచినీళ్ళు పుట్టవు. డొక్కా సీతమ్మ. 1841లో మండపేటలో పుట్టింది. పైన చెప్పిన 5 లక్షల 61 వేల జనాభా లెక్క సరిగ్గా ఆ ఏటిదే. హేగ్ తోరణాలు లేపుతున్నప్పుడు ఆమె పరికిణీ కట్టుకునే పిల్ల. లంకల గన్నవరం రైతు డొక్కా జోగన్న గారిని పెళ్ళాడి వచ్చింది. రేవు దగ్గరి ఊరు. పడవ దాటి వచ్చేవాడూ, దాటడానికి ఎదురుచూసేవాడూ ఆకలితోనే ఉంటాడు. అలాంటివాడు ఏ వేళప్పుడు వచ్చినా ఆవిడ అన్నం పెట్టింది. కులం అడగలేదు, గడియారం చూడలేదు. కరువు చూసిన తరం కన్న బిడ్డ, కాలువ నీటితో వరి పండే రోజుల్లో పొయ్యి ముందు కూర్చుంది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే సీతమ్మ కథ ఉత్త పుణ్యకథ అయిపోతుందని నా గట్టి నమ్మకం.

ఆవిడ గురించి చెప్పుకునే కథల్లో నాకు ఇష్టమైంది ఒకటుంది. జీవితంలో ఒక్కసారైనా అంతర్వేది నరసింహస్వామిని చూడాలనుకుంది. పొయ్యి వదిలి కదిలితే కదా! చివరికి ఎలాగో పల్లకి ఎక్కింది. దారిలో ఒకచోట బోయీలు ఆగి సేద తీరుతుంటే, పక్కన పెళ్ళి బృందమొకటి ఆగింది. పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. పెద్దవాళ్ళు, "ఇంకాస్త ఓపిక పట్టండర్రా, గన్నవరం వచ్చేస్తోంది. సీతమ్మగారింట్లో అన్నం తిందురుగాని" అంటున్నారు. ఆ మాట పల్లకిలో వినబడింది. అంతే, వెనక్కి తిప్పమంది. పెళ్ళివారికంటే ముందు ఇల్లు చేరి ఎసరు పెట్టింది. నరసింహస్వామికి ఆ రోజు దర్శనం దొరకలేదు.

ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆమెను పిలిచారనీ, రానంటే ఫొటో అయినా పంపమన్నారనీ, ఫొటో వద్దంటే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలాడనీ చెబుతారు. ఆ ఫొటోని కుర్చీలో పెట్టి చక్రవర్తి నమస్కారం పెట్టాడని మా ఊరి వాళ్ళ కథనం. చక్రవర్తి నమస్కారం మీద నా అనుమానాలు నాకున్నాయి. ఉద్యోగం పోతుందంటే ఒప్పుకుందన్న ముక్కని మాత్రం నమ్ముతాను. అది ఆవిడ స్వభావమే. 1909లో కన్నుమూసింది.

ఇక్కడి నుంచి నా కథ వరస తప్పుతుంది. దగ్గరి కాలం ఎప్పుడూ అంతే, దూరపు కాలంలా చెప్పిన మాట వినదు. కాకినాడ నుంచి కోటిపల్లి రేవు దాకా 1928లో రైలొచ్చింది. యుద్ధానికి ఇనుము కావాలని 1940లో పట్టాలు పీక్కెళ్ళారు. మళ్ళీ రైలు రావడానికి 2004 దాకా పట్టింది. అదీ కోటిపల్లి దాకానే, గౌతమి దాటలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి మేం ఏటిగట్టు మీద మూడు రాత్రులు లాంతర్లతో కాపలా కాశాం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. మామ్మ ఊళ్ళో అర్ధరాత్రి కోళ్ళు కూసేవి. "తెల్లారిందేమో చూడరా" అని ఆవిడ నన్ను లేపేది. బయటికొస్తే ఆకాశం పండిన బొప్పాయిలా ఉండేది. మరుసటి ఏడు నవంబరు 6న తుపాను. ఆ కొబ్బరిచెట్లు పడిపోయిన తీరు మీద రాయమని కూడా సంపాదకుడు ఓసారి అడిగాడు. రాయలేకపోయాను.

2000లో గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టు వచ్చింది. డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఇంజనీర్లు కట్టిన వంతెనకి, జన్మలో పొయ్యి తప్ప ఏమీ కట్టని మనిషి పేరు. ప్రభుత్వాలు పెట్టిన పేర్లలో ఇంత సరైనది నేనింకోటి చూడలేదు. ఆ తర్వాత వంతెనలు వరసగా వచ్చాయి. చించినాడ, యానాం-ఎదుర్లంక, ఆలస్యంగా బోడసకుర్రు. ఎదుర్లంక వంతెనకి బాలయోగి పేరు. నరసాపురం రైలుకి శంకుస్థాపన చేయించిన ఆయన 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. గౌతమిలో లేచిన రైలు స్తంభాల మీద కొంగలు చాలాకాలం వాలాయి. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కావట్లేదని రైతులు పంట విరామం ప్రకటించారు. కాలువలో నీళ్ళున్నాయి, చేలో మనిషి లేడు. కాటన్‌కి ఈ సంగతి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది. అంబేద్కర్ పేరు పెట్టబోతే మే 24న అమలాపురం తగలబడింది. పేరు నిలిచింది. పూటకి ఎవరొచ్చినా కులం అడక్కుండా విస్తరేసిన ఊరికి, అక్కడికి ఎంతో దూరం లేదు.

పాత అక్విడక్టు కొత్తదాని పక్కనే ఉంది. మొన్న వెళ్ళినప్పుడు దాని మీద కొంతదూరం నడిచాను. ఇటుకల సందుల్లోంచి రావి మొక్కలు లేచాయి. ఒక కుర్రాడు గోడ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. దీన్ని ఎవరు కట్టారో తెలుసా అంటే, "కాటన్ దొరండి. ఆయ్" అన్నాడు. హేగ్ పేరు చెప్పాను. మర్యాదగా తలూపాడు.

వంతెన లేని పెద్ద రేవులు మిగిలే ఉన్నాయి. నరసాపురం వెళ్ళే పనుంటే సఖినేటిపల్లి నుంచి పంటు ఇంకా తిరుగుతోంది. మోటారు సైకిలు కూడా ఎక్కించుకుంటారు. ఆఖరి పంటు తప్పితే మాత్రం చించినాడ చుట్టూ తిరిగి పోవాలి.