రాకాసికి ఎంతమంది బంట్లు సరి?

ఆటల రూపకర్త గ్యారీ గైగాక్స్ ఒక ప్లాస్టిక్ స్టెగోసారస్ బొమ్మ సంపాదించి, చెక్కి, అతికి, దాన్ని డ్రాగన్‌గా మార్చాడట. 1970 ప్రాంతంలో అమెరికాలో బల్ల మీద బొమ్మల యుద్ధం ఆడేవాళ్లకు మధ్యయుగపు సైనికులు దొరికేవారు గానీ డ్రాగన్లు దొరికేవి కావు మరి. ఈ ముచ్చట చదివినప్పటినుంచీ నాకు ఆ డ్రాగన్ కంటే దాని ఎదుట బారులు తీరిన బంట్ల మీదే బెంగ. దాన్ని పడగొట్టాలంటే ఎంతమంది కావాలి? ఆ లెక్క ఎవరు కట్టారు?

పెద్ద జంతువునీ కాలిబంట్లనీ ఒకే పద్దులో రాయడం మనకు పాత విద్యే. భారతంలో సైన్యానికి మొదటి కొలత ‘పత్తి’: ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు బంట్లు. దాన్ని ఏడుసార్లు మూడింతలు చేసి, ఆపైన పదింతలు చేస్తే అక్షౌహిణి: 21,870 ఏనుగులు, 1,09,350 మంది పదాతులు. కానీ అది కూర్పు లెక్క, తూకం లెక్క కాదు. ఏనుగు వెంట అయిదుగురు నడవాలంటుందే తప్ప, అయిదుగురు కలిస్తే ఏనుగు ఆగుతుందని కాదు. ఏనుగును ఆపడమెలాగో క్రీ.పూ. 202లో జామా దగ్గర రోమన్ సేనాని స్కిపియో చూపించాడు. కార్తేజ్ సేనాని హన్నిబాల్ 80కి పైగా ఏనుగులను తోలితే, ఈయన దళాల మధ్య సందులు వదిలి, చాలావాటిని ఆ దారినే సాగనంపాడు. ఏనుగు తొక్కి చంపేది కొద్దిమందినే. బారు చెదిరితేనే అసలు ప్రమాదం.

అక్కణ్నుంచి ఇరవయ్యొక్క శతాబ్దాలు ఒక్క గంతులో దాటేస్తున్నాను, క్షమించాలి. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’లో స్ప్రింగు ఫిరంగితో తగరపు సైనికులను పడగొట్టించాడు గానీ రాకాసుల జోలికి పోలేదు. 1970లో లెనార్డ్ పాట్ అనే ఆయన టోల్కీన్ లోకానికి చిన్న నిబంధనావళి రాశాడు. మరుసటి ఏడు ‘చైన్‌మెయిల్’ వచ్చింది. జెఫ్ పెరెన్ రాసుకున్న మధ్యయుగ నిబంధనలను విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో ఉండే గైగాక్స్ పెంచి, చివర ఒక ఫాంటసీ అనుబంధం తగిలించాడు.

ఆ అనుబంధం ముందు కూర్చుంటే నాకు లేవబుద్ధి కాదు. ఓగర్ ఆరుగురు బరువు కవచపు బంట్ల పెట్టు. జెయింట్ పన్నెండుగురి పెట్టు, పైగా చిన్న రాతి యంత్రంలా బండలు విసురుతాడు. అన్ని దెబ్బలూ తిన్నాకే చస్తాడు, కానీ ఆ దెబ్బలు ఒక్కొక్కటిగా కూడుతూ పోవచ్చు. వీరుడి సంగతి వేరు. అతను నలుగురి పెట్టు, నాలుగు దెబ్బలూ ఒకేసారి తగిలితే తప్ప పడడు. మూడు తగిలాయా, దులుపుకుని లేస్తాడు! రాకాసిని అలుపెరగకుండా కొట్టి చంపాలి, వీరుణ్ని చుట్టుముట్టి చంపాలి. రెండు ముక్కల్లో రెండు రకాల చావు. 1974 నాటి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలోని హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బకు తట్టుకుంటారో చెప్పే అంకెలు, ఈ లెక్కకు దగ్గరి చుట్టాలే. అన్నట్టు, ఆ ఆటలోని రస్ట్ మాన్‌స్టర్, ఔల్‌బేర్ అనే రాకాసులు కూడా హాంకాంగ్ చవక ప్లాస్టిక్ బొమ్మలను చూసి పుట్టినవే. బొమ్మ ముందు, లెక్క తర్వాత. ఇవాళ అచ్చంగా డ్రాగన్ బొమ్మే కొనుక్కోవచ్చు. ఆ అతుకుల బొంత సరదా మాత్రం పోయింది.

1983లో ఇంగ్లండులో బ్రయాన్ ఆన్సెల్, రిచర్డ్ హాలివెల్, రిక్ ప్రీస్ట్‌లీ ‘వార్‌హామర్’ అనే బొమ్మల యుద్ధపు ఆట తెచ్చాక లెక్క ముదిరింది. 2006లో వచ్చిన ఏడో కూర్పునే తీసుకోండి. అయిదుగురి వెడల్పున నాలుగు వరసలు, మొత్తం ఇరవై మంది. వెనక వరసలకు మూడు, జెండాకు ఒకటి, సంఖ్యాబలానికి ఒకటి: పాచిక వేయకముందే అయిదు పాయింట్లు చేతిలో ఉన్నాయి. ఎదుట అయిదు దెబ్బలు కొట్టే రాకాసి. ఆరింట నాలుగు వంతులు తగిలి, తగిలినవాటిలో ఆరింట అయిదు వంతులు గాయపరిచినా ముగ్గురైనా పడరు. పడ్డ మనిషికి ఒక పాయింటే, ఎక్కువ పాయింట్లున్నవాళ్లదే గెలుపు. అంటే గీత కూడా పడని రాకాసి ఓడిపోయి, పారిపోతుందేమోనని పాచిక వేయాలి! అందుకే దానికి భయం పుట్టించే శక్తి ఇచ్చారు: అది మీద పడబోతుంటే బంట్లు గుండె నిబ్బరం పరీక్ష నెగ్గాలి. నాకు ఇదే న్యాయమనిపిస్తుంది. తూచాల్సింది కోరల్ని కాదు, వెనక వరసలోని వాడి ధైర్యాన్ని.

2010 నాటి ఎనిమిదో కూర్పు త్రాసును అటూ ఇటూ కుదిపింది. పెద్ద రాకాసి కాళ్ల కింద పడేవాళ్లకు పాచిక చెప్పినన్ని అదనపు దెబ్బలు. కానీ ఎదుటివాడికంటే ఎక్కువ వరసలున్న దళం ఎంత ఘోరంగా ఓడినా తన పూర్తి ధైర్యంతోనే పరీక్షకు నిలుస్తుంది. ఒంటరి రాకాసికి వరసలెక్కడివి? గుంపులోకి దిగి, కదలలేక, రోజంతా తొక్కుతూ ఉండిపోయేది. అదీ దూరం నుంచి ఫిరంగి ముందే కూల్చకపోతే.

2015లో దాని స్థానంలో ‘ఏజ్ ఆఫ్ సిగ్మార్’ వచ్చి బొమ్మల కింది చదరపు పీటలు తీసేసి గుండ్రటివి పెట్టింది. వరసలే లేనప్పుడు వరసకు విలువేమిటి? సమస్యను తీర్చలేదు, తుడిచేశారు. 2024 జనవరిలో ‘ది ఓల్డ్ వరల్డ్’ పేరిట వరసలు తిరిగొచ్చాయి. ఓడిన దళం పూర్తిగా పారిపోకుండా, క్రమం చెడకుండా వెనకడుగు వేసే వీలూ వచ్చింది. డ్రాగనెక్కిన సేనానులదే పైచేయి అన్న గొణుగుడు మాత్రం వెంటనే మొదలైంది. ఈలోగా మనిషి బంటు పీట 20 మిల్లీమీటర్ల నుంచి 25కి పెరిగింది. పాత సైన్యం ఉన్నవాళ్లు బొమ్మలను ఊడబెరకలేక, మధ్య మధ్య ఖాళీలున్న పళ్లేలు చేయించుకుని వాటిలో తమ బంట్లను ఎడంగా నిలబెట్టుకుంటున్నారు.