తీపి ఇన్‌స్టంట్ ఓట్స్: పోషక విలువ

ఓట్స్‌ను ముందే ఆవిరిపై ఉడికించి, పలుచగా నొక్కి, ముక్కలు చేసి, చక్కెర, ఉప్పు, పరిమళాలు కలిపి పొట్లాల్లో అమ్మే ఆహారం ఇది. అమెరికాలో ప్రసిద్ధమైన మేపుల్, బ్రౌన్ షుగర్ రకం పొట్లం 43 గ్రాములు. అందులో సుమారు 160 కేలరీలు, 4 గ్రాముల మాంసకృత్తులు, 3 గ్రాముల పీచు, 12 గ్రాముల చక్కెర ఉంటాయి. బరువులో పావువంతుకు మించి చక్కెరే. తీపి కలపని 28 గ్రాముల పొట్లంలో కేలరీలు 100 దాకా ఉన్నా, మాంసకృత్తులు, పీచు ఇంచుమించు ఇంతే. పెరిగిన కేలరీల్లో అధిక భాగం చక్కెరదన్నమాట.

ఓట్స్ గుండెకు మేలు కదా, కాస్త తీపి ఉంటే ఏమిటని కొందరి వాదన. ఆ మేలు నిజమే. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. రోజుకు 3 గ్రాములు అందాలన్న ప్రమాణంతో 1997లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ గుండెకు మేలన్న ప్రకటనను అనుమతించింది. చక్కెర ఈ పీచును చెరపదు. అయితే ఒక్కో పొట్లంలో దొరికేది గ్రాము పైచిలుకే. వీటితోనే 3 గ్రాములు పూర్తిచేయాలంటే దాదాపు మూడు పొట్లాలు తినాలి. చక్కెర సుమారు 36 గ్రాములవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మెరుగైనదిగా సూచించిన దినసరి పరిమితి సుమారు 25 గ్రాములు. పైగా పలుచని ముక్కలు త్వరగా జీర్ణమై, ముతక ఓట్స్ కన్నా వేగంగా రక్తంలో గ్లూకోజ్‌ను పెంచుతాయి. ఈ లోపం తీపిలేని ఇన్‌స్టంట్ రకానికీ ఉంది. అదనంగా చేర్చే ఇనుము, విటమిన్లు ఉపయోగకరమే కానీ, అవి చప్పటి పొట్లాల్లోనూ దొరుకుతాయి. తీపి లేకుంటే పిల్లలు ముట్టరన్న అభ్యంతరం మాత్రం బలమైనది. తీపి పొట్లంలో సగం, చప్పటిదానిలో సగం కలిపితే చక్కెర 6 గ్రాములకు దిగుతుంది.