వరద తీసిన తరువాత: మూసీ నుండి కాటేదాన్ వరకు బాధిత బాలల పునరావాసం - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

హైదరాబాదు వరదల చరిత్ర చాలావరకు నీటి చరిత్రగానే రచింపబడింది. ఎంత వాన కురిసింది, ఏ చెరువు తెగింది, ఎందరు మరణించారు అన్నవే అందులో ప్రధానాంశాలు. వరద తీసిన తరువాత బాధిత కుటుంబాల పిల్లలు ఎలా పెరిగారన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఆ ప్రశ్నతో మూడు విపత్తులను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

మూసీ, దివిసీమ:

1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేలాది మందిని బలిగొన్నది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి వచ్చారు. వారి సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అంటే ఒక వరదకు ప్రభుత్వం దాదాపు ఇరవై ఏళ్లపాటు స్పందించింది. కాని ఆ దీర్ఘదృష్టి నదికే దక్కింది. మనుషుల్లో మిగిలిన గాయానికి సాక్ష్యం సాహిత్యంలో దొరుకుతుంది. తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలో కోల్పోయిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ 1961 వరకు జీవించారు. అర్ధశతాబ్దికి మించిన ఆ కాలం ఏ సహాయక చర్యల లెక్కలోనూ ఇమడదు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది మరణించారు. అక్కడ స్వచ్ఛంద సంస్థలు గ్రామాలను దత్తత తీసుకుని పక్కా ఇళ్లు నిర్మించాయి. తీరం వెంట తుఫాను రక్షణ భవనాలు వెలిశాయి. బియ్యం, బట్టలు పంచి వెళ్లిపోకుండా ఊరినే ఒక ప్రమాణంగా తీసుకోవడం ఆ అనుభవంలోని విశేషం.

కాటేదాన్ పరిసరాలు:

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి శంషాబాద్ దారిలోని గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు తెగి, జాతీయ రహదారి కోతకు గురైంది. కాటేదాన్‌కు సమీపంలోని మైలార్‌దేవ్‌పల్లి ప్రాంతంలో పల్లె చెరువు నీరు ఇళ్లను ముంచెత్తింది. అలీనగర్‌లో ఒకే కుటుంబానికి చెందిన పలువురు కొట్టుకుపోయారు. కాటేదాన్ పారిశ్రామికవాడ, పొట్ట చేతబట్టుకుని వచ్చి అద్దె గదుల్లో ఉండే వలస కార్మికులు ఇక్కడ ఎక్కువ. దివిసీమలో వలె దత్తత తీసుకోవడానికి ఇక్కడ 'ఊరు' అంటూ లేదు.

రాష్ట్ర ప్రభుత్వం 550 కోట్ల రూపాయలు ప్రకటించి, బాధిత కుటుంబానికి 10,000 రూపాయల చొప్పున పంపిణీ చేపట్టింది. నగరపాలక ఎన్నికల నియమావళి కారణంగా నవంబరు 18న అది నిలిచింది. ఇంట్లో బియ్యం తడిసిన మరునాడు చేతికందే పదివేల విలువను తక్కువ చేయలేము. అయితే ఆ లెక్కలో కొలమానం ఇల్లు. పిల్లవాడికి అందులో వేరే గడి లేదు.

కోవిడ్ వలన అప్పటికే బడులు మూతబడి ఉన్నాయి. 2020 సెప్టెంబరు 1 నుండి మూడు మొదలు పది తరగతుల వారికి పాఠాలు దూరదర్శన్, టీ-శాట్ ద్వారానే అందుతున్నాయి. కనుక నీట మునిగిన టీవీ, ఫోను ఆ పిల్లలకు గృహోపకరణాలు మాత్రమే కావు, తరగతి గదులు కూడా. ఇందులో మరో నష్టం దాగి ఉంది. 1999 ఒడిశా పెనుతుఫాను జరిగిన ఏడాది తరువాత బాలలపై చేసిన అధ్యయనంలో దాదాపు 30 శాతం మందిలో విపత్తు అనంతర మానసిక ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. అట్టి లక్షణాలను ఇంటి బయట ముందుగా పసిగట్టగలిగేది ఉపాధ్యాయుడే. వాన శబ్దానికి ఉలిక్కిపడే పిల్లను, హఠాత్తుగా మౌనం దాల్చిన పిల్లవాడిని టీవీ పాఠం గుర్తించలేదు. ప్రాథమిక తరగతులు తిరిగి మొదలైనది 2021 సెప్టెంబరు 1న, వరద వచ్చిన దాదాపు పదకొండు నెలలకు.

అప్పుడు ఎవరైనా ఆ పిల్లలను వరద గురించి అడిగారా అన్నది ఈ ప్రాంత పాఠశాలల్లో ఇప్పటికీ విచారించదగిన విషయమే. సాక్షులు ఇంకా బడిలోనే ఉన్నారు. ఆ రాత్రి మూడో తరగతి చదువుతున్న విద్యార్థి పదో తరగతికి చేరేది 2027-28లో.